రెండు ఓపీల నడుమ రోగిని చూసుకునేదెవరు?

రుమటాయిడ్ ఆర్థరైటిస్ అనే కీళ్లవాతం వచ్చిన మనిషిని జబ్బు కాస్త కుదుటపడ్డాక డాక్టరు చూసేది రెండు మూడు నెలలకోసారి, అదీ కొద్ది నిమిషాలు. మిగిలిన కాలమంతా ఆ మనిషికి నొప్పితో, మందులతో, ఇంటిపనితో, ఇరుగుపొరుగు సలహాలతో గడుస్తుంది. వైద్యం నిలబడేదీ, పాడయ్యేదీ ఆ కాలంలోనే. తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో ఈ జబ్బులకు మరింతమంది స్పెషలిస్టులు కావాలని, ఖరీదైన మందులు ఉచితంగా అందాలని అడిగేవారున్నారు. రెండు ఓపీల నడుమ రోగిని చూసుకునే నర్సు కావాలని అడిగేవారు అరుదు. నా దృష్టిలో ముందుగా తీర్చవలసిన లోటు ఇదే, తక్కువ ఖర్చుతో తీరేదీ ఇదే.

వయసు మీద పడి మోకాళ్లు అరిగే జబ్బుకూ దీనికీ సంబంధం లేదు. ఒంట్లోని రోగనిరోధక శక్తి తన కీళ్ల లోపలి పొర మీదే దాడి చేయడం వల్ల వచ్చే ఈ వ్యాధి మగవాళ్ల కంటే ఆడవాళ్లలో రెండు మూడు రెట్లు ఎక్కువ, సంసార బాధ్యతలు నిండుగా ఉన్న వయసులోనే తరచుగా బయటపడుతుంది. తెల్లవారుజామున వేళ్లు, మణికట్లు బిగుసుకుపోయి గంటకు పైగా సడలకపోవడం దీని ముఖ్య లక్షణం. పాడి మీద బతికే పలమనేరు, పుంగనూరు వైపు పల్లెల్లో సరిగ్గా ఆ వేళకే ఆవుల పాలు పితికి కేంద్రానికి చేర్చాలి. పిడికిలి బిగించలేని మనిషి పాలు పితకలేదు, మణికట్టు తిరగని మనిషి సంగటి కెలకలేదు. ఈ సంగతి ఓపీ చీటీలో 'నొప్పి ఉంది' అన్న రెండు మాటల్లో ముగిసిపోతుంది. నర్సు కూర్చుని అడిగితే పనిని ఇంట్లో ఎలా పంచుకోవాలి, తెల్లవారి చేతులను గోరువెచ్చని నీళ్లలో ఎంతసేపు ఉంచాలి, ఏ బరువును వేళ్లతో కాక అరచేతులతో ఎత్తాలి అన్నదాకా మాట సాగుతుంది.

మందుల విషయంలో నర్సు అవసరం ఇంకా ఎక్కువ. ఈ జబ్బుకు సాధారణంగా మొదట ఇచ్చేది మెథోట్రెక్సేట్. ధర తక్కువ, పని గట్టిది, అయితే వారానికి ఒక్కరోజు మాత్రమే వేసుకోవలసిన మందు. బీపీ, షుగర్ బిళ్లలు రోజూ మింగే అలవాటున్న ఇళ్లలో ఇదీ రోజువారీ మందేనని పొరబడటం తేలిక. పొరబడితే నోట్లో పుండ్లు పడి, ఎముక మజ్జ దెబ్బతిని, రక్తకణాలు పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. తోడుగా ఇచ్చే ఫోలిక్ యాసిడ్ బిళ్ల కూడా చాలాసార్లు అదే పసుపు రంగులో ఉంటుంది. కాబట్టి చీటీ మీద 'వారానికి ఒకసారి' అని రాస్తే చాలదు, ఏ రోజో పేరుపెట్టి రాయాలి. ఆ రోజును నిర్ణయించాలంటే రోగి ఇంటి సంగతులు తెలియాలి. తిరుపతి చుట్టుపక్కల శనివారం ఒక్కపొద్దు ఉండే ఇళ్లకు లెక్కలేదు. మందు వేసుకున్నప్పుడు వికారంతో బాధపడే మనిషికి శనివారం అని రాసిస్తే, ఖాళీ కడుపున మింగి వాంతి చేసుకోవడమో, స్వామివారి వారమని మందునే దాటవేయడమో జరుగుతుంది. క్యూ తలుపు దాకా వచ్చిన ఓపీలో డాక్టరుకు ఈ ప్రశ్న అడిగే తీరిక ఉండదు, అడగాలని తోచకపోవచ్చు కూడా.

రక్తపరీక్షల సంగతీ అంతే. మెథోట్రెక్సేట్ మొదలుపెట్టిన తొలి నెలల్లో రెండు నుంచి నాలుగు వారాలకోసారి, తర్వాత రెండు మూడు నెలలకోసారి రక్తకణాలు, కాలేయం, కిడ్నీల పనితీరు చూడాలి. పరీక్ష చేయించుకున్నారా, ఫలితంలో తేడా ఉంటే డాక్టరుకు తెలిసిందా అని కనిపెట్టుకుని ఉండే మనిషి వ్యవస్థలో లేకపోతే, తేడా బయటపడేది మరుసటి ఓపీలోనే.

మందు పూర్తిగా పనిచేయడానికి రెండు మూడు నెలలు పడుతుంది. ఆ లోగా ఓపిక నశించినవాళ్లు ఊరి ఆర్‌ఎంపీ దగ్గర నొప్పి సూది వేయించుకుంటారు, లేదా పుత్తూరు వెళ్లి కట్టు కట్టించుకుంటారు. విరిగిన ఎముకల విషయంలో పుత్తూరు కట్టుకు ఉన్న పేరు పాతది, దాని మీద జనం నమ్మకాన్ని నేను తక్కువ చేయను. కానీ కట్టు కట్టినంత మాత్రాన రోగనిరోధక శక్తి దారి తప్పిన జబ్బు తగ్గదు. నెలల తరబడి తీసుకుంటున్న స్టెరాయిడ్‌ను ఉన్నట్టుండి మానేస్తే ప్రమాదమని ఇంకొందరికి ఎవరూ చెప్పి ఉండరు. వీటన్నిటికీ రోగిని కసురుకునే ఆనవాయితీ ఒకటి మన ఆసుపత్రుల్లో ఉంది. కసిరితే మరుసటిసారి ఆ మనిషి నిజం చెప్పదు.

చెప్పకుండా దాచే వాటిలో ముఖ్యమైనది గర్భం. మెథోట్రెక్సేట్ గర్భస్థ శిశువుకు హాని చేస్తుంది, బిడ్డ కావాలనుకునేవారు డాక్టరుతో మాట్లాడి ముందుగానే మానేయాలి. కొత్తగా పెళ్లయిన అమ్మాయి అత్తగారి ఎదుట, పదిమంది రోగుల మధ్య, మగ డాక్టరుతో ఈ మాట ఎత్తదు. పక్కకు పిలిచి 'పిల్లల గురించి ఏమనుకుంటున్నావమ్మా' అని అడిగే సిస్టర్‌కు చెబుతుంది. రోగనిరోధక శక్తి ఒంటి మీదే తిరగబడే మరో జబ్బు, బాధితుల్లో అత్యధికులు స్త్రీలే అయిన లూపస్‌లో ఈ జాగ్రత్త మరింత అవసరం, పైగా మూత్రంలో ప్రోటీన్ పోతోందా అని చూస్తూ ఉండటం, మన ఎండల్లో ఒళ్లు కప్పుకోవడం అదనం. మొక్కు తీర్చుకోవడానికి అలిపిరి నుంచి దాదాపు 3,550 మెట్లు ఎక్కవచ్చా అన్న ప్రశ్న కూడా ఇక్కడి రోగులకు నిజమైన ప్రశ్నే. కీళ్లు వాచి ఉన్నప్పుడు వద్దు, అదుపులోకి వచ్చాక ఆలోచిద్దాం అని మర్యాదగా చెప్పేవాళ్లుంటే మొక్కూ నిలుస్తుంది, మోకాళ్లూ నిలుస్తాయి.

యూరప్ రుమటాలజీ సంఘాల సమాఖ్య యూలార్, కీళ్లవాత వైద్యంలో నర్సుల పాత్ర మీద 2012లోనే సిఫారసులు ప్రకటించి, 2018లో వాటిని సవరించింది. రోగికి జబ్బు గురించి నేర్పడం, అవసరమైనప్పుడు ఫోన్‌లో అందుబాటులో ఉండటం, మానసిక వేదనను గమనించడం వాటిలో ఉన్నాయి. బ్రిటన్‌లోని పలు ఆసుపత్రుల్లో జరిగి 2014లో వెలువడిన పరిశోధనలో, నర్సుల పర్యవేక్షణలో ఉన్న రోగుల జబ్బు డాక్టర్లు చూసినవారితో సమానంగానే అదుపులో ఉంది. 28 కీళ్లను నొక్కి చూసి వాపు, నొప్పి లెక్కపెట్టే పద్ధతిని శిక్షణ పొందిన నర్సు చక్కగా చేయగలదు.

ఇందుకు కావలసినదంతా తిరుపతిలో ఉంది. రుయా ప్రభుత్వాసుపత్రి ఉంది, 1993 నుంచి నడుస్తున్న స్విమ్స్ ఆసుపత్రికి సొంత నర్సింగ్ కళాశాల ఉంది, కీళ్ల మార్పిడి చేసే బర్డ్ ఆసుపత్రి ఉంది. కీలు పూర్తిగా పాడయ్యాక మార్చే ఏర్పాటు ఇంత బాగా ఉన్న ఊళ్లో, పాడవకుండా కాచే ఏర్పాటు బలహీనంగా ఉండటం వింతే. సాధారణంగా పెద్దాసుపత్రుల్లో నర్సులను కొన్ని నెలలకోసారి వార్డులు మారుస్తుంటారు. పని నేర్చుకుని రోగుల ముఖాలు గుర్తుపట్టే వేళకు బదిలీ అవుతుంది. కీళ్లవాత ఓపీకి కేటాయించిన నర్సును కనీసం మూడేళ్లు కదపకూడదు. వైద్యం కోసం సరిహద్దు దాటి తమిళనాడులోని వేలూరు వెళ్లే చిత్తూరు రోగులకు ఊళ్లో తోడుగా విలేజ్ క్లినిక్‌లో బీఎస్సీ నర్సింగ్ చదివిన వాళ్లే ఉన్నారు. బీపీ, షుగర్ రోగుల జాబితా వాళ్ల దగ్గర ఇప్పటికే ఉంది. అందులో మెథోట్రెక్సేట్ వాడేవారి పేర్లు చేర్చి, పరీక్ష తేదీ గుర్తుచేసి, నోటిపూత, జ్వరం, ఆయాసం కనిపిస్తే మందు ఆపి వెంటనే తిరుపతికి ఫోన్ చేసే పద్ధతి పెట్టడం కష్టమేమీ కాదు.

నర్సులు మందులు మార్చడం మొదలుపెడితే ఎలా అని డాక్టర్లు అడుగుతారు. మార్చనక్కరలేదు, ఎప్పుడు ఆపాలి, ఎప్పుడు పంపాలి అన్నది డాక్టర్లే రాసిపెట్టిన నియమావళి ప్రకారం నడుస్తుంది. నర్సుల అభ్యంతరం అంతకంటే బరువైనది. ఉన్న సిబ్బందికే ఈ పనిని అంటగట్టి, పోస్టు ఇవ్వకుండా, ఫోన్ మోసే గంటలకు వేతనం లెక్కించకుండా సాగిస్తే వాళ్లు ఎదురుతిరగడం న్యాయమే. అందువల్ల ముందు తిరుపతిలో ఒక్క ఆసుపత్రిలో, మెథోట్రెక్సేట్ వాడుతున్న రోగులకు మాత్రమే, మంజూరైన ఒక నర్సు పోస్టుతో దీన్ని మొదలుపెట్టాలి. మామూలు మందులకు లొంగని జబ్బుకు ఇచ్చే ఖరీదైన బయోలాజిక్ ఇంజెక్షన్లు, వాటికి ముందు జరపాల్సిన క్షయ పరీక్షలు, లూపస్ రోగుల జాబితా రెండో దశలో చేర్చవచ్చు.