నాలుగు చక్రాల సూట్‌కేస్ గారికి, వెనిస్ మెట్లెక్కి దిగిన మనిషి రాయునది

మహారాజరాజశ్రీ 28 ఇంచుల హార్డ్ షెల్ సూట్‌కేస్ గారి దివ్య సముఖమునకు,

నమస్కారములు. ఉభయకుశలోపరి అని రాయడం ఆనవాయితీ. కానీ ఉభయుల్లో ఎవరి కుశలమూ అంత బాగా లేదు. తమరికి కుడివైపు వెనక చక్రం ఊడిపోయింది. నాకు కుడి చెయ్యి భుజం దాటి పైకి లేవడం లేదు. మా ఆయన నడుముకు బెల్టు కట్టుకుని, తమరి ముఖం చూడ్డం ఇష్టం లేక గోడవైపు తిరిగి పడుకున్నారు.

విషయానికొస్తాను. తమరిని కొన్న రోజున షాపు కుర్రాడు పాలిష్ పట్టిన టైల్స్ మీద తమరిని నిలబెట్టి, చూపుడు వేలితో అలా ముట్టుకున్నాడు. తమరు వయ్యారంగా ఒక చుట్టు తిరిగి, పక్కకి జారి, సరిగ్గా బిల్లు కౌంటర్ దగ్గర ఆగారు. ఎంత తెలివి! "ఒక్క వేలు చాలు మేడమ్, యూరప్ అంతా తిరిగొచ్చేయొచ్చు" అన్నాడతను. శంషాబాద్ ఎయిర్‌పోర్టులో ఆ మాట అక్షరాలా నిజమైంది. చెక్-ఇన్ లైన్లో ఫోన్ చూసుకుంటూ మోచేత్తో తోసినా తమరు నడిచారు. ముందు ఒక పెద్దాయన రెండు చక్రాల పాత పెట్టె ఈడ్చుకుంటూ వెళ్తుంటే జాలిపడ్డాను కూడా. ఆయన ఎక్కడున్నా చల్లగా ఉండాలి.

రోమ్‌లో మొదలైంది. టెర్మిని స్టేషన్ బయటి పేవ్‌మెంట్ దాకా తమరు కిక్కురుమనలేదు. నాలుగు సందులు తిరిగాక సాన్‌పియెత్రిని వచ్చాయి. చిన్న చిన్న నల్లరాతి ఘనాలు, పైభాగం కాస్త గుండ్రం, రాయికీ రాయికీ మధ్య వేలు పట్టేంత సందు. రోమ్ వాళ్లు పదహారో శతాబ్దం నుంచీ ఇవే పరుచుకుంటున్నారు, కాబట్టి కొత్తగా ఎవరో తమరి మీద కుట్ర పన్నారని అనడానికి లేదు. తమరి చక్రం చూస్తే నిమ్మకాయంత. అది 360 డిగ్రీలూ తిరుగుతుందన్నదే కదా గొప్ప? తిరిగింది. ఆ రాళ్ల మీద నాలుగు చక్రాలూ నాలుగు దిక్కులకు తిరిగాయి, మేం వెళ్లాల్సిన దిక్కుకు తప్ప. హోటల్ చేరేసరికి ఒక చక్రానికున్న రబ్బరు పట్టీ ఊడి రోడ్డు పాలైంది. అక్కణ్నుంచి ఒట్టి ప్లాస్టిక్ రాతి మీద చేసిన చప్పుడుకి కిటికీలు తెరుచుకున్నాయి. ఇటాలియన్ నాకు రాదు. వాళ్లన్నది అర్థం కావడానికి భాష అవసరం పడలేదు.

ఫ్లోరెన్స్ గురించి క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే అక్కడ కష్టపడింది మేము, సుఖపడింది తమరు. అద్దెకు తీసుకున్న గది మూడో అంతస్తులో. లిఫ్టు ఉందని రాశారు, ఉంది కూడా. పాత భవనం మెట్ల నడుమ ఖాళీలో ఇనుప జాలీ కట్టి ఇరికించిన లిఫ్టు. చెక్క తలుపు రెక్కలు రెండూ లోపలివైపు ముడుచుకుని మూసుకోవాలి. అందులో మనిషైనా పట్టాలి, తమరైనా పట్టాలి. చివరికి తమరిని లోపల పెట్టి తలుపులు మూశాం. మా అమ్మాయి పైకి పరిగెత్తి మూడో అంతస్తులో బటన్ నొక్కింది. తమరు ఒక్కరే దర్జాగా లేచారు. మేమిద్దరం చుట్టూ ఉన్న మెట్లెక్కుతూ, జాలీలోంచి తమరిని చూసుకుంటూ, రొప్పుకుంటూ వెనకే వచ్చాం.

ఇక వెనిస్.

చక్రమన్నదానికే చోటులేని ఊరది. కారు లేదు, స్కూటర్ లేదు, పాత ఊళ్లో సైకిల్ కూడా తొక్కనివ్వరు. వందకు పైగా దీవులు, వాటిని కలుపుతూ నాలుగు వందలకు పైగా వంతెనలు. సాంతా లూచియా స్టేషన్లోంచి బయటికి రాగానే మెట్లు, మెట్ల ముందు గ్రాండ్ కెనాల్. అంత అందం చూసి "అబ్బ" అనబోయేసరికి తమరు ఆ మెట్ల మీద నుంచి మా ఆయన మడమ మీదకి దిగారు. ఆయన "అబ్బా" అన్నారు.

"పన్నెండు నిమిషాల నడకే అమ్మా" అంది మా అమ్మాయి ఫోన్ చూసి. దానికేం, వీపున చిన్న బ్యాగు. పడవ బస్సు ఎక్కుదామంటే టికెట్ మనిషికి తొమ్మిదిన్నర యూరోలు. మా ఆయన అక్కడికక్కడే రూపాయల్లోకి మార్చి చూసుకుని, "నడుద్దాం" అన్నారు. ఫోన్ అబద్ధం చెప్పలేదు లెండి. మనిషికి పన్నెండు నిమిషాలే. తమరు వెంట ఉన్నందువల్ల ఆ పన్నెండు నిమిషాలూ మా మధ్యాహ్నాన్నంతా మింగేశాయి.

స్టేషన్ పక్కనే స్కాల్జీ వంతెన, 1934లో కట్టిన రాతి కమాను. దాని మీద నుంచి కనిపించే దృశ్యం కోసం జనం ప్రపంచం నలుమూలల నుంచి వస్తారట. నాకు మెట్లు కనిపించాయి. రెండు చక్రాల పెట్టెనైతే వెనక్కి వంచి, ఒక్కో మెట్టే ఎక్కిస్తూ ఎలాగోలా లాగొచ్చు. తమరిని లాగబోతే నాలుగు చక్రాలూ మెట్టు అంచుకు అడ్డం తిరుగుతాయి. కాబట్టి ఎత్తాల్సిందే. పై హ్యాండిల్ ఆయన, పక్క హ్యాండిల్ నేను, మెట్టు మెట్టుకీ హైలెస్సా. దిగాక హమ్మయ్య అనుకుని బటన్ నొక్కి పొడుగు హ్యాండిల్ లాగేలోపే ఇంకో వంతెన. మళ్లీ బటన్ నొక్కు, హ్యాండిల్ లోపలికి తొయ్యి, ఎత్తు, మొయ్యి, దించు, బటన్ నొక్కు, లాగు. ఎదురొచ్చేవాళ్లు గోడకు ఆనుకుని దారిచ్చారు. ఒక జపాన్ ఆవిడ, జపానే అనుకుంటా, మమ్మల్ని చూసి తలవంచి నమస్కారం పెట్టింది.

కాసేపటికి తమరి హ్యాండిల్ పైకీ రాక, కిందకీ పోక సగంలో బిగుసుకుంది. ఆ తర్వాత ఎన్నో వంతెన దగ్గరో, లెక్క తప్పింది, దిగే చివరి మెట్టు అంచుకు తగిలి తమరి కుడి వెనక చక్రం స్క్రూతో సహా ఊడొచ్చింది. కాలవలో పడి ఉంటే కనీసం సినిమాలో సీన్‌లా ఉండేది. పడలేదు. నా చెప్పు పక్కన ఆగింది. వంగి తీసుకుని ఒక్క వేలితో తిప్పాను. ఎంత చక్కగా తిరిగిందో!

అప్పుడే సరుకుల కుర్రాడొకడు తోపుడు బండి మీద నీళ్ల సీసాల కేసులు పేర్చుకుని వచ్చాడు. వంతెన దగ్గర ఆగిపోతాడనుకున్నాను. ఆగలేదు. ఆ బండికి పెద్ద చక్రాలు రెండు, వాటికి ముందు పొడుచుకొచ్చిన చిన్న చక్రాలు రెండు. చిన్నవి పై మెట్టు మీద ఆనుతున్నాయి, ఈలోగా పెద్దవి పైకి లేస్తున్నాయి. "అటెన్సియోనే!" అని అరుస్తూ మెట్టు మెట్టుకీ దూకించుకుంటూ మా పక్కనుంచే దాటిపోయాడు. మెట్ల ఊళ్లో చక్రం ఎలా ఉండాలో వాళ్లు ఎప్పుడో తేల్చేసుకున్నారన్నమాట.

మరి నీకేం రోగం?

నీ వంశవృక్షం కూడా చూశాను. బెర్నార్డ్ సాడో అనే అమెరికా ఆయన పెట్టెకు నాలుగు చక్రాలు బిగించి, పట్టీ కట్టి లాగి, 1972లో పేటెంట్ పుచ్చుకున్నాడు. 1987లో రాబర్ట్ ప్లాత్ అనే పైలట్ పెట్టెను నిలువుగా నిలబెట్టి రెండు చక్రాలు, పొడుగు హ్యాండిల్ పెట్టాడు. పైలట్‌కి ఏం కావాలి? ఎయిర్‌పోర్టులో దిగి ఎయిర్‌పోర్టులో ఎక్కుతాడు. నున్నటి నేల తప్ప ఇంకోటి తగలని బతుకు. నువ్వు ఆ నేల కోసం పుట్టినదానివి. ఆ ముక్క నీ మీద స్టిక్కర్ వేసి అమ్మొచ్చుగా? ఐఫిల్ టవర్ బొమ్మ ఎందుకు అంటించారు?

నీ చక్రాలొచ్చాకే కదా సికింద్రాబాద్ స్టేషన్లో ఎర్రచొక్కా కూలీల నోట్లో మట్టి పడింది. తలమీద గుడ్డ చుట్ట, దాని మీద రెండు పెట్టెలు, భుజాన ఒక సంచి, ఓవర్‌బ్రిడ్జి మెట్లు మనకంటే ముందే ఎక్కేసి పైన నిలబడి మన కోసం చూసేవాడు. ఆయన్ని ఇంటికి పంపేశావు. సరే, ఆ పని నువ్వు చేస్తావనుకున్నాం. తీరా మెట్టు కనబడగానే నువ్వు చేతులెత్తేసి, కూలీ పని మాకు అప్పజెప్పావు. నీ కోసం మేం కూలీలమయ్యాం, అదీ కూలి లేకుండా!

2014లో వెనిస్ వాళ్లు మీ జాతి గట్టి చక్రాల గోల పడలేక, ఈడ్చుకెళ్లేవాళ్లకి 500 యూరోల దాకా జరిమానా వేస్తామన్నారు. ప్రపంచమంతా గగ్గోలు పెట్టేసరికి, అబ్బే, టూరిస్టులకు కాదు, సరుకు బండ్లకు అని సర్దుకున్నారు. 2023లో క్రొయేషియాలోని డుబ్రోవ్నిక్ వాళ్లు, పాత ఊళ్లో పెట్టెలు ఈడ్చకండి, ఎత్తుకుని నడవండి బాబూ అని బొమ్మల వీడియో చేసి మరీ బతిమాలుకున్నారు. నిషేధం పెట్టేశారని పత్రికలన్నీ రాశాయి గానీ అది నిజం కాదు. నాకైతే నిజమై ఉంటే బావుణ్ననిపించింది.

వెనిస్ స్టేషన్‌కు ఇంకోవైపు, 2008లో తెరిచిన కొత్త వంతెన ఒకటుంది. అద్దాల మెట్లు. జనం జారి పడుతుంటే ఆ అద్దాలు తీసేసి రాయి వేయాలని ఊరివాళ్లు నిర్ణయించుకోవాల్సి వచ్చింది. దాన్ని డిజైన్ చేసిన కలత్రావాకి, అంత పేరున్న ఆర్కిటెక్టుకి, 2019లో అక్కడి కోర్టు 78,000 యూరోల జరిమానా వేసింది. మెట్ల లెక్క తప్పితే పెద్దవాళ్లకైనా తప్పదు. మరి నీకు? నీకు ఐదేళ్ల వారంటీ. ఆ కార్డు వెనక, భూతద్దం పెడితే కనిపించే అక్షరాల్లో, "చక్రాలకు, హ్యాండిళ్లకు, జిప్పులకు వర్తించదు" అని ఉంది. అవి తీసేస్తే నీలో మిగిలేదేమిటి? రంగు.

బరువు ఎక్కువ నింపుకున్నారు, నా తప్పేం లేదు అంటావేమో. నోరు అంత వెడల్పున తెరిచింది ఎవరు? సరిపోదేమో అని మేం అనుకునేలోపే, ఇంకా ఉందిలే అన్నట్టు ఆ ఎక్స్‌పాండబుల్ జిప్ ఎవరు పెట్టుకున్నారు? నువ్వు ఖాళీగానే ఐదు కేజీలున్నావు. విమానంవాళ్ల 23 కేజీల్లో నీ వాటా నువ్వు ముందే తినేశావు. మిగిలినదాంట్లో మే నెలలో ఇటలీకి థర్మల్స్ పట్టించావు. బుల్లి రైస్ కుక్కర్ పట్టించావు. లావుపాటి యూనివర్సల్ అడాప్టర్ పట్టించావు, తీరా చూస్తే అక్కడ కరెంటు మనలాగే 230 వోల్టులు, మన రెండు పిన్నుల ఫోన్ ఛార్జర్ గోడకి నేరుగా పట్టేసింది. నీళ్ల సీసాలు మూడు పట్టించావు, రోమ్‌లో వీధివీధికీ కొళాయిలోంచి మంచినీళ్లు ఊరికే కారుతుంటే. నెయ్యి డబ్బా, కరివేపాకు మాత్రం మా అమ్మాయి హైదరాబాద్‌లోనే లాగేసింది. బయటి దేశాల నుంచి పాల సరుకు, పచ్చి ఆకులు యూరప్‌లోకి రానివ్వరంది. అరటిపండు, కొబ్బరికాయ, అనాస, ఖర్జూరం, దురియన్ అయితే కాగితం లేకుండా పట్టుకెళ్లొచ్చట. దురియన్ ఓకే, కరివేపాకు కాదు. ఏం చెప్పాలి!

ఇంతా చేసి రోజూ పనికొచ్చింది ఏమిటో తెలుసా? నా చున్నీ. చర్చిల్లోకి భుజాలు కప్పుకోకుండా రానివ్వరు. నిక్కర్లు, చేతుల్లేని బనీన్లు వేసుకున్న తెల్లవాళ్లు వాటికన్ గుమ్మం దగ్గర శాలువాలు కొనుక్కుంటుంటే, నేను చున్నీ సర్దుకుని నేరుగా లోపలికెళ్లాను. అది నీలో లేదు. నా మెడలో ఉంది.

తాళం సంగతి కూడా చెప్పి ముగిస్తాను. నీకున్న ఆ ఎర్ర గుర్తు తాళానికి అమెరికా ఎయిర్‌పోర్టు వాళ్ల దగ్గర మాస్టర్ కీ ఉంటుందట. మేం అమెరికా వెళ్లనేలేదు. పైగా ఆ మాస్టర్ కీల ఫొటోలు 2014లో పేపర్లో పడితే, మరుసటి ఏడాదే వాటిని చూసి 3డి ప్రింటర్లో తాళంచెవులు చేసుకునే నమూనాలు ఇంటర్నెట్‌కెక్కాయి. అంటే నిన్ను ఎవరైనా తెరవొచ్చు. తిరిగొచ్చాక నంబరు మర్చిపోయి, మేం తప్ప. మా ఆయన స్క్రూడ్రైవర్‌తో తెరిచారు. నడుం పట్టింది అప్పుడే.

నిన్ను అటక మీదకి ఎక్కించేద్దామనుకున్నాను. ఎక్కించాలంటే మళ్లీ ఎత్తాలి. ఇంతలో మా ఆడపడుచు ఫోన్ చేసింది. వచ్చే నెల లిస్బన్ వెళ్తున్నారట, పెద్ద సూట్‌కేస్ ఉందా వదినా అని అడిగింది. మొన్న గృహప్రవేశంలో నా చీర గురించి నలుగురిలో ఆ మాట అన్నది ఈవిడే. లిస్బన్ కూడా ఏడు కొండల ఊరేనట. వీధులన్నీ తెల్లరాతి ముక్కల పరుపు, అరిగి అరిగి నున్నబడి ఉంటాయట. అవన్నీ నాకెందుకు? ఉందమ్మా, బంగారం లాంటి సూట్‌కేసు, తప్పకుండా తీసుకెళ్లు అన్నాను. మా సందు చివర బ్యాగులు కుట్టేవాడు నాలుగు వందలు తీసుకుని నీకు వేరే చక్రం బిగించాడు. రంగు కలవలేదు గానీ తిరుగుతోంది. శనివారం కారేసుకుని వస్తారట.

ఇట్లు,
తమరిని మోసినవాళ్లు

తా.క.: రైస్ కుక్కర్ కూడా అందులోనే ఉంచాను.