96 గంటల గాలికి పూచీ ఎవరిది?

కుప్పం దగ్గరి చిగురుగుంట, బిసానత్తం బంగారు గనులు 2001లో మూతపడ్డాయి. మళ్లీ తెరుస్తారన్న కబురు వచ్చినప్పుడల్లా చిత్తూరులో చర్చంతా ఉద్యోగాలెన్ని, రాయల్టీ ఎంత అన్న రెండు ప్రశ్నల చుట్టూనే తిరుగుతుంది. లోపల మంటలు లేస్తే దిగినవాళ్లు ఏ గాలి పీల్చాలో అడిగేవారు అరుదు.

2006 జనవరిలో అమెరికాలోని సాగో బొగ్గు గనిలో పేలుడు జరిగి 12 మంది చనిపోయారు. వారిలో ఒక్కరు తప్ప అందరూ గుడ్డ తెర కట్టుకుని ఎదురుచూస్తూ కార్బన్ మోనాక్సైడ్‌కు బలయ్యారు. అదే నెలాఖరున కెనడాలోని ఒక పొటాష్ గనిలో ప్లాస్టిక్ గొట్టాలు అంటుకుని పొగ కమ్మింది. అక్కడ 72 మందీ రెఫ్యూజ్ ఛాంబర్లలో, అంటే ప్రమాదంలో తలదాచుకునేందుకు గని లోపలే కట్టిన బిగుతైన గదుల్లో, తలుపులు బిగించుకుని క్షేమంగా బయటపడ్డారు. ఆ తర్వాతే అమెరికా బొగ్గు గనుల్లో చిక్కుకున్నవారికి ఇలాంటి చోట 96 గంటలు పీల్చదగిన గాలి ఉండాలన్న నిబంధన వచ్చింది.

ఛాంబర్‌లో ఆక్సిజన్ సిలిండర్లు పేర్చేస్తే పని అయిపోయిందనుకుంటారు చాలామంది. కానీ ముందుగా ముంచుకొచ్చేది మనం వదిలే కార్బన్ డయాక్సైడ్. అమెరికా లెక్క ప్రకారం ఒక మనిషి గంటకు సుమారు 30 లీటర్లు వదులుతాడు. 20 ఘనమీటర్ల మూసిన గదిలో పదిమంది కూర్చుంటే గంటకు ఒకటిన్నర శాతం పెరుగుతుంది. అమెరికా నిబంధనలో ఏ క్షణంలోనూ దాటకూడని హద్దు 2.5 శాతం. అంటే రెండు గంటలు కూడా నిండవు. అందుకే ఆ వాయువును పీల్చుకునే సోడా లైమ్ వంటి పదార్థం పెడతారు. ఆ చర్యలో వేడి, తేమ పుడతాయి. మనుషుల ఒంటి వేడి అదనం. తిరుమల కంపార్ట్‌మెంట్లలో గంటల తరబడి కూర్చున్నవారికి ఆ ఉక్క ఎలా ఉంటుందో చెప్పనక్కర్లేదు.

మన ప్రాంతానికి అసలు చిక్కు ఇక్కడే. ఛాంబర్ తన వేడిని చుట్టూ ఉన్న రాతికి వదిలి చల్లబడాలి. పెన్సిల్వేనియాలో భూగర్భం సుమారు 13 డిగ్రీలు. మన వైపు దానికి దాదాపు రెట్టింపు. లోపల వేడి, తేమ కలిసి ఒంటికి తగిలే ఉష్ణోగ్రత 35 డిగ్రీలు మించకూడదన్నది అమెరికా హద్దు. అక్కడ నెగ్గిన ఛాంబర్ ఇక్కడ ఆ హద్దు దాటదని ఎవరు చెప్పగలరు? దిగుమతి చేసుకున్న ధ్రువపత్రాన్ని నేను నమ్మను.

పరీక్ష చేయడం అంత కష్టమేమీ కాదు. మనుషులను లోపల పెట్టనక్కర్లేదు. మనిషికి వందకు పైగా వాట్ల వేడి, తేమ విడుదల చేసే డ్రమ్ములు పెట్టి, లెక్క ప్రకారం కార్బన్ డయాక్సైడ్ వదిలి, నాలుగు రోజులూ కొలవాలి. తలుపు తెరిచిన ప్రతిసారీ ఎంత పొగ చొరబడుతుందో కూడా చూడాలి. గనులు తెరిచేలోపు ఈ పని కుప్పం రాతిలోనే జరగాలి. తిరుపతి ఐఐటీ చేయి కలిపితే మరీ మంచిది. ఆ కొలతల పట్టీని తెలుగులో గని ముందు అతికించమని కార్మిక సంఘాలు లైసెన్సు దశలోనే పట్టుబట్టాలి.