అపెండిక్స్ తీసేముందు కొన్ని గంటలు ఆగలేమా?

కుడివైపు పొత్తికడుపులో నొప్పి రాగానే ‘24 గంటల కడుపునొప్పి’ అని హడలిపోయి, ఎక్కడ పగులుతుందోనని ఆ రాత్రికే ఆపరేషన్‌కు సంతకం పెట్టే కుటుంబాలు మన ఊళ్లలో ఎన్నో. ఆ భయం అకారణమేమీ కాదు. కానీ అదే భయం అరకొర నిర్ధారణకు సాకు కాకూడదు.

బ్రిటన్‌లో 154 ఆసుపత్రుల్లో జరిగిన రిఫ్ట్ అధ్యయనంలో, అపెండిక్స్ తొలగించిన ప్రతి ఐదుగురిలో ఒకరికి అది మామూలుగానే ఉన్నట్లు తేలింది. మహిళల్లో ఈ వాటా 28 శాతం. స్కానింగ్ లేకుండా ఆపరేషన్ వద్దని 2010లోనే మార్గదర్శకాలు పెట్టుకున్న నెదర్లాండ్స్‌లో అది 3 శాతం దగ్గరే ఉంది. తేడా సర్జన్ల నైపుణ్యంలో ఉందనుకోలేం.

స్కానింగ్‌కు ముందు చేయవలసిన పనీ ఉంది. 1986లో వచ్చిన అల్వరాడో స్కోరు, నొప్పి బొడ్డు దగ్గర మొదలై కుడివైపుకు జారడం, ఆకలి లేకపోవడం, వాంతులు, జ్వరం, నొక్కి వదిలినప్పటి నొప్పి, తెల్లరక్తకణాల పెరుగుదల వంటివాటికి మొత్తం 10 మార్కులు వేస్తుంది. నాలుగు లేదా అంతకన్నా తక్కువ వస్తే అపెండిసైటిస్ (అపెండిక్స్ వాపు) అవకాశం తక్కువ. చిక్కంతా ఐదు, ఆరు వచ్చినవారితోనే. వారిని ఆసుపత్రిలోనే ఉంచి, కొన్ని గంటల తర్వాత వీలైతే అదే డాక్టరు మళ్లీ పొట్ట నొక్కి చూసి, రక్తపరీక్ష మరోసారి చేయిస్తే చాలామంది విషయంలో స్పష్టత వస్తుంది. అయితే ఆపరేషన్‌కు ప్యాకేజీ డబ్బు దొరికినంత సులువుగా, రోగిని కనిపెట్టుకుని ఉండటానికి ఆసుపత్రికి బిల్లు దొరకదు!

అల్ట్రాసౌండ్ రిపోర్టునూ జాగ్రత్తగా చదవాలి. ‘అపెండిక్స్ కనిపించలేదు’ అంటే జబ్బు లేదనీ కాదు, ఉందనీ కాదు. 6 మిల్లీమీటర్లు దాటిన ప్రతి అపెండిక్సూ వాచినదీ కాదు. ప్రోబ్‌తో (పొట్టపై ఆనించే స్కానింగ్ పరికరంతో) అదిమినప్పుడు అపెండిక్స్ అణుగుతోందా, చుట్టూ కొవ్వు వాచిందా అన్నది రిపోర్టులో ఉండాలి. యువతుల్లో అండాశయంలో నీటితిత్తి, గర్భాశయం బయటి గర్భం, మూత్రనాళంలో రాయి కూడా ఇదే చోట నొప్పి పుట్టిస్తాయి కనుక గర్భనిర్ధారణ పరీక్ష, మూత్రపరీక్ష తప్పనిసరి. అప్పటికీ తేలకపోతే తక్కువ రేడియేషన్ సీటీ స్కాన్ ఉండనే ఉంది.

యాంటీబయాటిక్స్‌తోనే నయం చేయవచ్చన్న వాదనకూ ఈ నిర్ధారణే ఆధారం. లేని జబ్బు మందులతో తగ్గిందని చెప్పుకోవడం తేలిక.

తీసిన ప్రతి అపెండిక్స్‌నూ పాథాలజీకి పంపి, అందులో వాపు లేనివి ఎన్నో ప్రతి ఆసుపత్రీ ఏటా వెల్లడించాలి. ఆరోగ్యశ్రీ వంటి పథకాల కింద చెల్లింపుకు ఆ రిపోర్టును షరతు చేయడం ప్రభుత్వాల చేతిలోని పనే.