ఒరెగాన్ ‘మళ్లీ ఓటు వేసింది’ అన్న మాటలో నిజమెంత?

కొంతకాలంగా చేతులు మారుతున్న ఒక సందేశం సారాంశం ఇది: అమెరికాలోని ఒరెగాన్ ప్రజలు ఓటు వేసి డ్రగ్స్‌ను చట్టబద్ధం చేశారు, దాంతో చావులు పెరిగాయి, చేతులు కాలాక మళ్లీ ఓటు వేసి రద్దు చేసుకున్నారు, కాబట్టి వాడకాన్ని నేరం కాకుండా చేసే చట్టానికి జనం మద్దతు ఎక్కడా నిలవదు.

మొదటి మాటే తప్పు. 2020 నవంబరులో సుమారు 58 శాతం ఓటర్లు ఆమోదించిన ‘మెజర్ 110’ అనే చట్టం డ్రగ్స్ అమ్మకాన్ని నేరంగానే ఉంచింది. గ్రాము లోపు హెరాయిన్ వంటి కొద్ది మోతాదుతో దొరికితే అరెస్టుకు బదులు 100 డాలర్ల జరిమానా వేయాలనీ, హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేసి ఆరోగ్య పరిశీలనకు ఒప్పుకుంటే అదీ మాఫీ చేయాలనీ, గంజాయి పన్ను రాబడిని చికిత్సకు మళ్లించాలనీ మాత్రమే చెప్పింది.

రెండోసారి ఓటింగు అసలు జరగనే లేదు. 2024లో శిక్షను తిరిగి తెచ్చింది శాసనసభ. బిల్లు దిగువ సభలో 51–7, సెనేట్‌లో 21–8 తేడాతో నెగ్గి, సెప్టెంబరు 1 నుంచి అమలైంది. అయితే జనం మనసు మారలేదని వాదిస్తే అదీ ఆత్మవంచనే అవుతుంది, ఎందుకంటే 2023 నాటి ఒక సర్వేలో 56 శాతం మంది పూర్తి రద్దునే కోరారు. ఎందుకు కోరారన్నది ఆ సందేశం అడగని ప్రశ్న. జైలుకు బదులు వైద్యం అన్నది ఓటర్లకు ఇచ్చిన మాట. అరెస్టులు 2021 ఫిబ్రవరిలోనే ఆగిపోయాయి గానీ, చికిత్స నిధుల్లో అధిక భాగం చేరేసరికి ఏడాదిన్నర గడిచింది. హెల్ప్‌లైన్‌కు తొలి 15 నెలల్లో వచ్చిన ఫోన్లు 119 అని రాష్ట్ర ఆడిట్ తేల్చింది. ఈలోగా పోర్ట్‌లాండ్ వీధుల్లో బహిరంగంగా డ్రగ్స్ పీల్చడం అందరి కళ్లా పడింది. నా దృష్టిలో జనం వెనక్కి తీసుకున్నది సగమే అమలైన ఒప్పందానికి ఇచ్చిన మద్దతును.

మరణాలు పెరిగిన మాట వాస్తవమే. కానీ సరిగ్గా అప్పుడే ఫెంటానిల్ అనే అత్యంత శక్తిమంతమైన మత్తుమందు ఆ రాష్ట్రంలో వ్యాపించింది. ఆ ప్రభావాన్ని లెక్కలోకి తీసుకున్న 2024 నాటి అధ్యయనంలో మరణాలకూ చట్టానికీ సంబంధం కనిపించలేదు. అంతకుముందు సంబంధం ఉందన్న అధ్యయనమూ ఒకటి వచ్చింది గనుక, చట్టమే చంపిందని తీర్పు చెప్పడం తొందరపాటు.

ఇక ‘ఎక్కడా నిలవదు’ అన్నదానికి పోర్చుగల్ ఒక్కటి చాలు. పది రోజుల వాడకానికి మించని మోతాదును అక్కడ 2001 జులై నుంచి నేరంగా చూడటం లేదు. పట్టుబడినవారు కోర్టుకు కాక, ఆ పనికే ఏర్పడిన కమిషన్ ముందుకు వెళ్తారు. ఆ తర్వాత ప్రభుత్వాలు ఎన్నిసార్లు మారినా, ఆ చట్టాన్ని ఎవరూ ఎత్తివేయలేదు.