రేడియేషన్‌లో రోజుల లెక్క: కర్నూలు రోగికి సాండర్స్ పరిశోధన ఎందుకు ముఖ్యం

కర్నూలు, ఆదోని పల్లెల్లో రేడియేషన్ అనే మాట తక్కువగా వినిపిస్తుంది. ‘కరెంటు పెట్టించుకోవాల’ అంటారు. ఆ వెంటనే అడిగేది ఎన్ని దినాలు పడుతుందనే. ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగి ఇంట్లో ఈ ప్రశ్న కూలి పోవడం గురించి, బస్సు ఛార్జీల గురించి పుడుతుంది. అయితే రోజుల లెక్క రోగి ఎంతకాలం బతుకుతాడన్న దానినే మార్చగలదని బలంగా చూపినవారు లండన్ సమీపంలోని మౌంట్ వెర్నన్ ఆసుపత్రి పరిశోధకులు మిషెల్ సాండర్స్, స్టాన్లీ డిష్.

వారి ఆలోచనకు మూలం క్యాన్సర్ కణాల స్వభావంలో ఉంది. రేడియేషన్‌కు కొన్ని కణాలు చనిపోతాయి. మిగిలినవి చికిత్స వారాల తరబడి సాగుతున్నకొద్దీ మునుపటికంటే వేగంగా విభజన చెందగలవు. అంటే ఆరు వారాల చికిత్సలో చివరి విడతల శక్తి కొంతభాగం, మధ్యలో పుట్టుకొచ్చిన కొత్త కణాలను చంపడానికే ఖర్చవుతుంది. కణితికి ఆ వ్యవధే ఇవ్వకపోతే ఏమవుతుందని ఆ ఇద్దరూ ప్రశ్నించారు.

శస్త్రచికిత్సకు వీలుకాని 563 మంది రోగులతో జరిగిన వారి పరీక్ష ఫలితాలు 1997లో ‘లాన్సెట్’ వైద్య పత్రికలో వచ్చాయి. ఒక వర్గానికి మామూలు పద్ధతిలో ఆరు వారాల్లో 30 విడతలుగా 60 గ్రే (రేడియేషన్ మోతాదుకు కొలమానం) ఇచ్చారు. రెండో వర్గానికి శని, ఆదివారాలు కూడా వదలకుండా, రోజుకు మూడుసార్లు చొప్పున, వరుసగా 12 రోజుల్లో 36 విడతలుగా 54 గ్రే ఇచ్చారు. మొత్తం మోతాదు తక్కువే. అయినా రెండేళ్ల తర్వాత బతికి ఉన్నవారు మొదటి వర్గంలో 20 శాతం కాగా, రెండో వర్గంలో 29 శాతం. స్క్వామస్ అనే ఒక రకం ఊపిరితిత్తుల క్యాన్సర్ ఉన్నవారిలో ఈ తేడా ఇంకా పెద్దది. దీనికి మూల్యం కూడా ఉంది: అన్నవాహిక పుండుపడి మింగలేని తీవ్రమైన బాధ ఈ పద్ధతిలో చాలా ఎక్కువమందికి వచ్చింది.

రోజుకు మూడు విడతలు, సెలవు దినాల్లోనూ సిబ్బంది కావలసిన ఈ పద్ధతి ప్రపంచమంతటా స్థిరపడలేదు. రేడియేషన్‌తో పాటే కీమోథెరపీ ఇవ్వడం ప్రధాన మార్గమైంది. అలాగని సాండర్స్ చెప్పింది పాతబడిందనుకోవడం పొరపాటు. మోతాదు పెంచితే చాలనుకున్నవారికి 2015లో వెలువడిన ఒక అమెరికా పరీక్ష గట్టి సమాధానం ఇచ్చింది: 60 గ్రే తీసుకున్నవారి మధ్యస్థ జీవితకాలం (సగం మంది బతికి ఉన్న కాలం) 28.7 నెలలు కాగా, 74 గ్రే తీసుకున్నవారిది 20.3 నెలలే. ఎక్కువ మోతాదు కోసం చికిత్సను వారానికి పైగా పొడిగించడం మేలు చేయలేదు.

మన జిల్లాకు ఇక్కడే పని ఉంది. రోజుకు మూడు విడతలు మనకు సాధ్యం కాకపోవచ్చు. మొదలైన చికిత్స మధ్యలో ఆగకుండా చూడటం సాధ్యమే. కోసిగి, ఆలూరు వైపు నుంచి వచ్చే రోగికి వెంట ఉండవలసిన మనిషి మిరపకోతల సుగ్గికి గుంటూరు వైపు పోయి ఉండవచ్చు. పండుగ రావచ్చు, యంత్రం మరమ్మతుకు ఆగవచ్చు, లేదా ‘కొంచెం తేరుకున్నాక పోదాం’ అని ఇంటివాళ్లే నాలుగు రోజులు ఆపవచ్చు. బ్రిటన్ మార్గదర్శకాలు నయం చేయడానికి ఇచ్చే ఊపిరితిత్తుల రేడియేషన్‌ను అనుకున్న గడువుకు రెండు రోజులకు మించి పొడిగించరాదంటాయి. తప్పిపోయిన విడతను శనివారం ఇవ్వడమో, కనీసం ఆరు గంటల ఎడంతో ఒకే రోజు రెండు విడతలు ఇవ్వడమో చేయమంటాయి. మన దగ్గరా ఈ నియమం చికిత్స మొదలయ్యే రోజే రోగి చీటీపై రాసి ఉండాలి. ఆసుపత్రి పక్కనే రోగికీ తోడు మనిషికీ బస, భోజనం కల్పించడాన్ని దానంగా కాక చికిత్సలో భాగంగా ప్రభుత్వం లెక్కగట్టాలి. వైద్యసేవ పథకం రేడియేషన్ ఖర్చు భరించినా, బస లేక రోగి మధ్యలో వెళ్లిపోతే ఆ ఖర్చుకు తగిన ఫలితం దక్కదు.

నయమయ్యే దశ దాటి, నీరసించి వచ్చేవారి లెక్క వేరు. వీరికి కావలసింది దగ్గు, నెత్తురు పడటం, ఛాతీ నొప్పి తగ్గడం. వారం ఎడంతో రెండే విడతలుగా 17 గ్రే ఇచ్చినా, ఎక్కువ విడతలు ఇచ్చినంత ఉపశమనం దొరుకుతుందని బ్రిటన్ వైద్య పరిశోధన మండలి 1991లోనే చూపింది. అలాంటి రోగిని ఆదోని నుంచి కర్నూలుకు సుమారు వంద కిలోమీటర్ల దూరం పది రోజులు తిప్పేముందు, రెండుసార్లు వస్తే సరిపోతుందేమో వైద్యుడు ఒకసారి ఆలోచించాలి. ఆ మాట అడిగే హక్కు తమకుందని ఇంటివాళ్లకూ తెలియాలి.