సంస్థ మూతపడింది, వీలునామా మిగిలింది: ఆ సొమ్ము ఎవరిది?

ఫలానా అనాథాశ్రమానికి ఇంత, ఫలానా ఆసుపత్రికి ఇంత అని వీలునామా రాసేవారు ఆ సంస్థలు తమ తర్వాత కూడా ఉంటాయనే అనుకుంటారు. కానీ రాసిన రోజుకీ అమలయ్యే రోజుకీ మధ్య ఇరవై, ముప్ఫై ఏళ్లు గడవడం మామూలే. ఈలోగా సంస్థ మూతపడితే ఏం చేయాలి? అలాంటి పనే చేస్తున్న మరో సంస్థకు ఇచ్చేస్తే సరిపోతుందనిపిస్తుంది. కానీ వీలునామాలో ఆ మాట లేకపోతే ఎగ్జిక్యూటర్‌కు, అంటే వీలునామాను అమలు చేసే వ్యక్తికి, ఆ అధికారం ఉండదు. సొంత నిర్ణయంతో ఇచ్చేసి, రేపు వారసులు కోర్టుకెక్కితే ఆ మొత్తం తానే కట్టాల్సి రావచ్చు.

భారత వారసత్వ చట్టం, 1925లోని 105వ సెక్షన్ ప్రకారం, సొమ్ము అందుకోవాల్సినవారు వీలునామా రాసిన వ్యక్తి కంటే ముందే పోతే ఆ దానం చెల్లదు. ఆ సొమ్ము మిగులు ఆస్తిలో, అంటే విడివిడిగా రాసిన దానాలన్నీ పోగా మిగిలేదాంట్లో, కలిసిపోతుంది. రాసింది మిగులు ఆస్తిలోనే వాటా అయితే 108వ సెక్షన్ అడ్డొస్తుంది. ఆ వాటాకు అసలు వీలునామాయే లేనట్టు లెక్కగట్టి వారసులకు పంచుతారు. ఇలాంటి కేసుల్లో వారసులు పట్టు వదలకపోవడానికి కారణం ఇదే.

మనిషి ఎప్పుడు చనిపోయాడో మరణ ధ్రువపత్రం చెబుతుంది. సంస్థ ఎప్పుడు పోయిందో చెప్పడం అంత తేలిక కాదు. అందుకే ముందు రిజిస్ట్రార్ దగ్గరి రికార్డు చూడాలి. పేరు మారిందా, మరో దానిలో విలీనమైందా, రద్దయిందా, రద్దయితే ఆస్తులు ఎవరికి వెళ్లాయి? పేరు తప్పుగా రాసినంత మాత్రాన దానం పోదు. ఎవరిని ఉద్దేశించారో తెలిస్తే చాలని 76వ సెక్షన్ అంటుంది. దాత మరణం నాటికి సంస్థ బతికే ఉండి ఆ తర్వాత మూతపడితే కథ వేరు. హక్కు అప్పటికే సంస్థకు దక్కింది కాబట్టి, ఆ సొమ్ము వారసులకు తిరిగి రాదన్నది ఇంగ్లండ్ కోర్టుల పాత తీర్పు.

అసలు చిక్కు మరణానికి ముందే పోయిన సంస్థలతోనే. ఇక్కడ కోర్టు ఒకే ప్రశ్న వేస్తుంది: దాత మనసులో ఉన్నది ఆ సంస్థా, ఆ పనా? పని అయితే, దానికి వీలైనంత దగ్గరి పనికి సొమ్ము మళ్లిస్తారు. దీన్ని సై-ప్రే సూత్రం అంటారు. 1930ల్లో ఇంగ్లండ్‌లో తేలిన హార్వుడ్ కేసు చూడండి. ఒకావిడ రెండు శాంతి సంఘాలకు సొమ్ము రాసింది. విస్బెచ్‌లోని సంఘం వీలునామా రాసేనాటికి ఉంది, ఆమె పోయేనాటికి లేదు. కోర్టు ఆ 200 పౌండ్ల దానం చెల్లదంది. బెల్‌ఫాస్ట్‌లోని సంఘం ఎప్పుడైనా ఉందనడానికి ఆధారమే దొరకలేదు. అయినా ఆ 300 పౌండ్లు శాంతి ప్రచారానికే వెళ్లాయి. లేని సంఘం పేరు రాసిందంటే ఆమె ఉద్దేశం శాంతి అన్న ఆశయమే అయి ఉంటుందన్నది తర్కం.

అంటే ఉన్న సంస్థను వెతికి పట్టుకుని, పేరు సరిగ్గా రాసిన దాతకే నష్టం! తర్కంగా నిలబడొచ్చేమో గానీ న్యాయంగా మాత్రం నాకు తోచదు. వద్దని దాత చెప్పనంతవరకు, ఆశయమే ముఖ్యమని కోర్టు ముందుగా భావించడం మేలు.

మన దగ్గర సివిల్ ప్రొసీజర్ కోడ్ 92వ సెక్షన్, 3వ ఉపసెక్షన్ కోర్టుకు సై-ప్రే అధికారం ఇస్తుంది. దావా వేయాల్సింది రాష్ట్ర ప్రభుత్వ ప్రధాన న్యాయవాది అయిన అడ్వొకేట్ జనరల్, లేదా కోర్టు అనుమతితో ఆ ట్రస్టులో ఆసక్తి ఉన్న ఇద్దరైనా. చిన్న మొత్తం కోసం ఎవరు వేస్తారు? ఆ దారి ఉందన్న ధైర్యంతో వీలునామా రాయకూడదు.

వీలునామాలోనే ఒక వాక్యం చేర్చడం ఎంతో చవక. ‘నా మరణం నాటికి ఈ సంస్థ లేకపోయినా, పేరు మారినా, మరో సంస్థలో కలిసినా, ఈ సొమ్మును అనాథ పిల్లల చదువుకు పనిచేసే సంస్థకు నా ఎగ్జిక్యూటర్ ఎంపిక మేరకు ఇవ్వాలి.’ ఇందులో పని ఏమిటో స్పష్టంగా ఉండాలి. ఉత్తినే ‘ధర్మానికి’ అని రాస్తే అస్పష్టమని, చెల్లదని బ్రిటిష్ పాలనలో మనకు చివరి అప్పీలు కోర్టుగా ఉన్న ప్రివీ కౌన్సిల్ 1899లోనే తేల్చింది. రిజిస్ట్రేషన్ నంబరు, చిరునామా గుర్తు కోసం రాయండి. అంతేగానీ ‘ఈ భవనంలో నడిచే బడికి’ అని రాస్తే దానాన్ని ఆ భవనానికే కట్టేసినట్టవుతుంది.

సంస్థ మూతపడిందని బతికుండగానే తెలిస్తే, పాత పేరు కొట్టేసి పెన్నుతో కొత్తది రాసేవారు చాలామంది. వారసత్వ చట్టం 71వ సెక్షన్ ప్రకారం ఆ దిద్దుబాటు చెల్లదు. దానికీ వీలునామాకు చేసినట్టే సంతకం, కనీసం ఇద్దరు సాక్షులు కావాలి. లేకపోతే కొట్టేసిన గీత కింద కనబడుతున్న పాత పేరే చెల్లుతుంది.