జట్టులో చివరి పది మంది

2023 జనవరి 29. ఫిలడెల్ఫియాలో ఎన్‌ఎఫ్‌సీ ఫైనల్, అంటే అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో సగం జట్ల మధ్య తుది పోరు. గెలిచిన జట్టుకు లీగ్ టైటిల్ మ్యాచ్ సూపర్ బౌల్. ఆట మొదలైన కాసేపటికే శాన్‌ఫ్రాన్సిస్కో ఫార్టీనైనర్స్ క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరి ఆట నడిపేవాడు) బ్రాక్ పర్డీ మోచేతి లిగమెంట్ తెగింది. అతని బదులు దిగిన జాష్ జాన్సన్ మూడో క్వార్టర్‌లో తలకు దెబ్బ తగిలి బయటికి వెళ్లాడు. ఇక దింపడానికి ఎవరూ లేరు. బంతి విసరలేని చేత్తో పర్డీయే మళ్లీ మైదానంలోకి వచ్చాడు. బంతి అందుకోవడం, పక్కవాడి చేతిలో పెట్టడం, అంతే. ఫిలడెల్ఫియా జట్టు ఈగిల్స్ 31-7తో గెలిచింది.

అసలు పర్డీయే ఆ ఏడాది మూడో నంబరు. మొదటివాడు ట్రే లాన్స్ రెండో వారంలోనే చీలమండ విరగ్గొట్టుకున్నాడు. రెండోవాడు జిమ్మీ గరోపలో డిసెంబర్‌లో పాదం గాయంతో కూర్చున్నాడు. ఆ గరోపలోను వేసవి అంతా వేరే జట్టుకు పంపేయాలని చూశారు. భుజానికి సర్జరీ అయినవాడు కావడంతో బేరం కుదరలేదు. చివరికి ఆగస్టు ఆఖర్లో జీతం తగ్గించుకుని ఉండిపోయాడు. సీజన్ సగం పైగా ఆ జట్టును లాక్కొచ్చింది అతనే. దీన్ని యాజమాన్యం ముందుచూపు అని నేను అనను. కొనేవాడు దొరకలేదు, కలిసొచ్చింది.

ఏ జట్టయినా పేరున్న ఆటగాడిని వదిలేయగానే ‘అయ్యో, అతన్ని వదిలేశారా!’ అని లబోదిబోమనడం మామూలే. నా లెక్కలో అడగాల్సిన ప్రశ్న వేరు. అతని వెనక ఎవరున్నారు? నేటి ఎన్‌ఎఫ్‌ఎల్‌లో స్టార్‌ను వదులుకోవడం పెద్ద తప్పేమీ కాదు, చాలాసార్లు తప్పనిసరి కూడా. వెనక ఖాళీ పెట్టుకుని వదలడమే అసలు తప్పు.

తప్పనిసరి ఎందుకంటే డబ్బుకు గిరి గీసి ఉంది. 1994 నుంచి సేలరీ క్యాప్ ఉంది. 2025లో అది జట్టుకు 27.92 కోట్ల డాలర్లు. 53 మంది జీతాలు అందులోనే సర్దాలి. క్వార్టర్‌బ్యాక్ ఒక్కడే పెద్ద ముక్క పట్టుకుపోతే మిగతా చోట్ల కోత పడక తప్పదు. మనకు తెలిసిన ఐపీఎల్‌తో పోల్చి చూద్దామంటే ఒక తేడా గుర్తుంచుకోవాలి. అక్కడ బెంచి మీద కూర్చున్నవాడు సీజనంతా అలాగే కూర్చోవచ్చు. ఈ ఆటలో ప్రతి వారం ఎవరో ఒకరు మోకాలో భుజమో పట్టుకుని పడిపోతారు. 17 మ్యాచ్‌ల సీజన్‌లో నలభయ్యో నంబరు ఆటగాడికి ఏదో ఒక రోజు పిలుపు వచ్చి తీరుతుంది.

అయినా ఆ నలభయ్యో నంబరును ఎంచుకునే పద్ధతి చూస్తే భయమేస్తుంది. వేసవి క్యాంపులో జట్టుకు 90 మంది దాకా ఉంటారు. ఆగస్టు చివర్లో ఒక గడువు లోపల 53కు దించాలి. 32 జట్లు కలిపి దాదాపు 1,200 మంది ఒక్క వారంలో ఉద్యోగం పోగొట్టుకుంటారు. నాలుగు సీజన్లు నిండనివాళ్లు వేవర్స్‌లోకి, అంటే మిగతా జట్లు ఎంచుకునే జాబితాలోకి వెళ్తారు. కిందటి ఏడాది ఎక్కువ ఓడిన జట్టుకు ముందుగా ఎంచుకునే హక్కు. ఎవరికీ అక్కర్లేకపోతే 53 మందికి బయట సాధన చేసే ప్రాక్టీస్ స్క్వాడ్ ఉంది, జట్టుకు 16 మంది. మ్యాచ్ రోజు బట్టలేసుకుని దిగేది మాత్రం 48 మందే. సీనియర్ల విషయంలో ఇంకో మెలిక ఉంది. మొదటి వారం మ్యాచ్‌కు జట్టులో ఉంటే ఆ ఏడాది జీతానికి భరోసా వచ్చేస్తుంది. అందుకే కొందరిని ఆ వారానికి తీసేసి, అది దాటాక మళ్లీ పిలుస్తారు.

ఇక 2003 న్యూ ఇంగ్లండ్ పేట్రియట్స్ సంగతి. సీజన్ మొదటి మ్యాచ్‌కు అయిదు రోజుల ముందు, జీతం తగ్గించుకోనన్నాడని సేఫ్టీ (డిఫెన్స్‌లో అందరికంటే వెనక కాపు కాసేవాడు) లాయర్ మిలాయ్‌ను కోచ్ బిల్ బెలిచిక్ తీసేశాడు. డ్రెస్సింగ్ రూమ్ మొత్తానికి ఇష్టుడైన మనిషి. బఫలో బిల్స్ వెంటనే తీసుకుంది. మొదటి మ్యాచ్ ఆ బఫలోతోనే. పేట్రియట్స్ 31-0తో చిత్తయింది. కోచ్ మీద పడని తిట్టు లేదు. డిసెంబర్‌లో ఆఖరి లీగ్ మ్యాచ్ మళ్లీ బఫలోతో. ఈసారి అదే 31-0, గెలిచింది పేట్రియట్స్. 14-2తో (14 గెలుపులు, 2 ఓటములు) లీగ్ ముగించి సూపర్ బౌల్ కూడా కొట్టింది.

ఈ కథను ‘బెలిచిక్ కఠినాత్ముడు, అందుకే గెలిచాడు’ అని చెప్పేవాళ్లే ఎక్కువ. కఠినత్వం ఎవరికైనా వస్తుంది. ఆ మార్చిలోనే శాన్ డియాగో చార్జర్స్ వదిలేసిన సేఫ్టీ రాడ్నీ హారిసన్‌ను అతను తెచ్చి పెట్టుకున్నాడు. డ్రాఫ్ట్‌లో, అంటే కొత్త కుర్రాళ్లను జట్లు వంతులవారీగా ఎంచుకునే చోట, రెండో రౌండ్‌లో తీసుకున్న యూజీన్ విల్సన్‌ను కార్నర్‌బ్యాక్ నుంచి సేఫ్టీకి మార్చి నిలబెట్టాడు. కత్తి దూసేనాటికే గుంట పూడ్చే మట్టి పక్కన సిద్ధంగా ఉంది.

దీనికి పూర్తిగా ఎదురు కథ న్యూయార్క్ జెయింట్స్‌ది అంటారు. 2024 మార్చిలో రన్నింగ్ బ్యాక్ (బంతి పట్టుకుని పరుగెత్తేవాడు) సేక్వాన్ బార్క్‌లీని వదులుకున్నారు. అతను పోయి పోయి అదే డివిజన్‌లోని ఫిలడెల్ఫియా ఈగిల్స్‌లో చేరాడు. మూడేళ్లకు 3.77 కోట్ల డాలర్లు. ఆ సీజన్‌లో 2,005 యార్డులు పరుగెత్తి, సూపర్ బౌల్ గెలిచాడు. జెయింట్స్ 3-14. ఇంతకంటే రుజువు ఏం కావాలి అంటారు అభిమానులు.

నేను ఒప్పుకోను. బార్క్‌లీ చోటులో జెయింట్స్‌కు పెద్ద లోటు రాలేదు. అయిదో రౌండ్‌లో వచ్చిన టైరోన్ ట్రేసీ 800 యార్డులు దాటాడు. కొంప మునిగింది వేరే చోట. అక్టోబర్‌లో లెఫ్ట్ టాకిల్ ఆండ్రూ థామస్ పాదం గాయంతో సీజన్‌కు దూరమయ్యాడు. కుడిచేతి క్వార్టర్‌బ్యాక్‌కు కనపడని వైపు కాపు కాసేది లెఫ్ట్ టాకిలే. అతని వెనక ఆ స్థాయి మనిషి లేడు. ఆ తర్వాత 11 మ్యాచ్‌ల్లో గెలిచింది ఒక్కటే. అంతకు ముందు ఏడాదే నాలుగేళ్లకు 16 కోట్ల డాలర్లు రాసిచ్చిన క్వార్టర్‌బ్యాక్ డేనియల్ జోన్స్‌నూ నవంబర్‌లో వదిలేశారు. బార్క్‌లీ అక్కడే ఉండి ఉంటే మహా అయితే ఇంకో రెండు మ్యాచ్‌లు గెలిచేవాళ్లేమో.

ఈగిల్స్ వైపు చూడండి. 2017లో వాళ్ల లెఫ్ట్ టాకిల్ జేసన్ పీటర్స్ కూడా ఇలాగే మధ్యలో పడిపోయాడు. వైటై అనే రిజర్వు ఆటగాడు దిగాడు. డిసెంబర్‌లో క్వార్టర్‌బ్యాక్ కార్సన్ వెంట్జ్ మోకాలు పోయింది. నిక్ ఫోల్స్ దిగాడు. ఈ ఫోల్స్‌ను ఒకప్పుడు ఈగిల్సే అమ్మేసింది, రామ్స్ వదిలేసింది, ఒక దశలో ఆటే మానేద్దామనుకున్నాడు. ఆ జట్టే పేట్రియట్స్‌ను 41-33తో ఓడించి కప్పు తీసుకుంది. మరుసటి ఏడాది ఏడో రౌండ్‌లో జోర్డన్ మైలాటాను తీసుకున్నారు. ఆస్ట్రేలియా రగ్బీ కుర్రాడు, అమెరికన్ ఫుట్‌బాల్ ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. రెండు సీజన్లు లీగ్ మ్యాచ్‌లో అడుగు పెట్టకుండానే అతన్ని భరించారు. బార్క్‌లీ 2,005 యార్డులు పరుగెత్తినప్పుడు ఎడమవైపు దారి తెరిచింది ఆ మైలాటాయే. మధ్యలో నిలబడ్డ క్యామ్ జర్గెన్స్‌ను జేసన్ కెల్సీ రిటైర్ కావడానికి రెండేళ్ల ముందే తెచ్చుకున్నారు. కుడి గార్డ్ మెకై బెక్టన్ జెట్స్ వద్దనుకున్న మనిషి. సెయింట్స్ పోనిచ్చిన జాక్ బాన్ ఒక్క ఏడాది కాంట్రాక్టు మీద వచ్చి ఆల్-ప్రో, అంటే ఏడాది మేటి ఆటగాళ్లలో ఒకడు అయ్యాడు.

వదిలేయడంలో వెర్రి కూడా ఉంటుంది, కాదనను. డెన్వర్ బ్రాంకోస్ 2024లో రసెల్ విల్సన్‌ను తీసేసినందుకు 8.5 కోట్ల డాలర్ల డెడ్ మనీ నెత్తినెత్తుకుంది. ఆడని మనిషి ఖర్చును రెండేళ్లు క్యాప్‌లో మోసింది. అయినా కొత్త కుర్రాడు బో నిక్స్‌తో అదే ఏడాది ప్లేఆఫ్స్‌కు వెళ్లింది.

డాలస్ పక్కన ఫ్రిస్కోలో డాలస్ జట్టు కౌబాయ్స్ ప్రధాన కార్యాలయం ఉంది. ఆ ఊళ్లో మన తెలుగువాళ్లూ బాగానే ఉన్నారు. 2025 ఆగస్టు 28న, ఎదుటి క్వార్టర్‌బ్యాక్‌ను పడగొట్టే స్టార్ మైకా పార్సన్స్‌ను గ్రీన్ బే ప్యాకర్స్‌కు పంపేశారన్న వార్త అక్కడి పిల్లలకు మామూలు వార్త కాదు. ప్రతిఫలం చిన్నదేం కాదు. రెండు మొదటి రౌండ్ పిక్‌లు (డ్రాఫ్ట్‌లో ఎంచుకునే వంతులు), డిఫెన్సివ్ టాకిల్ కెన్నీ క్లార్క్. నన్ను తొలిచింది తేదీ. మొదటి మ్యాచ్‌కు సరిగ్గా వారం ఉంది. రేపటి డ్రాఫ్ట్ పిక్ ఆ సెప్టెంబర్‌లో ఎదుటి క్వార్టర్‌బ్యాక్ మీదికి ఉరకలేదు కదా.

2023లో లీగ్ ఒక పాత నిబంధన తిరిగి తెచ్చింది. అత్యవసరానికి మూడో క్వార్టర్‌బ్యాక్‌ను 48 మంది లెక్కలో లేకుండా మ్యాచ్‌కు తెచ్చుకోవచ్చు. ఫిలడెల్ఫియాలో పర్డీ చేతిని చూశాకే ఆ కదలిక. మిగతా స్థానాలకు అలాంటి వెసులుబాటు లేదు. అక్కడ జట్టే చూసుకోవాలి, ఆగస్టు చివర్లో తీసేసినవాళ్ల పేర్ల జాబితా ముందు పెట్టుకుని.

2017లో ఆ జాబితాలో సిన్సినాటి బెంగాల్స్ తీసేసి ప్రాక్టీస్ స్క్వాడ్‌లో పెట్టిన ఒక కిక్కర్ (బంతిని గోల్ స్తంభాల మధ్యకు తన్నేవాడు) ఉన్నాడు, జేక్ ఎలియట్. సొంత కిక్కర్ గాయపడితే ఈగిల్స్ అతన్ని తెచ్చుకుంది. రెండు వారాలు తిరక్కుండానే జెయింట్స్ మీద ఆఖరి సెకన్లో 61 యార్డుల నుంచి కొట్టి మ్యాచ్ గెలిపించాడు. 2025 ఫిబ్రవరి సూపర్ బౌల్‌లో ఈగిల్స్ తరఫున నాలుగు ఫీల్డ్ గోల్స్ కొట్టిందీ అతనే.